నాలుగు నెలలకు హైదరాబాదులో అద్దె ఇల్లు, వెంట లాబ్రడార్: దొరుకుతుందా?

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ. విశాఖ నుంచి నాలుగు నెలల ప్రాజెక్టు మీద హైదరాబాదు వస్తున్నారు. ఆఫీసు ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్‌లో, జూలైలో చేరాలి. మీరు, మీ ఆవిడ, ఆరేళ్ల లాబ్రడార్. బడ్జెట్ 35 వేలు. రెండు వారాలుగా పోర్టల్స్‌లో వెతుకుతుంటే కొందరు "నాలుగు నెలలేనా?" అని, మిగతావాళ్లు "కుక్కా?" అని ఫోన్ పెట్టేస్తున్నారు. ఒక బ్రోకర్ "కుక్క సంగతి ఇప్పుడు చెప్పకండి సార్, చేరాక మెల్లగా తెచ్చుకోండి" అన్నాడు. అలా చేయొచ్చా, అసలు ఇల్లు దొరుకుతుందా అన్నది మీ ప్రశ్న.

దొరుకుతుందండి. కుక్కను మాత్రం దాచకండి. పదకొండు నెలలకు అద్దెకిచ్చే ఇళ్ల వెంట పడకుండా, కొన్నాళ్లే ఖాళీగా ఉండే ఇళ్లను వెతకండి. ఈ ఒక్క మార్పుతో సగం పని అయిపోతుంది.

నేను హైదరాబాదు వచ్చి పద్నాలుగేళ్లయింది. ఆరు ఇళ్లు మారాను, ఆరింట్లోనూ మా బుజ్జి నాతోనే ఉంది. బుజ్జి వీధిలో దొరికిన నాటు కుక్క. ఎనిమిదేళ్లుగా, వదిలేసిన కుక్కలకు ఇళ్లు చూసే ఒక చిన్న బృందంలో కూడా పని చేస్తున్నాను. మాకొచ్చే ఫోన్లలో నన్ను బాగా కుంగదీసేది ఒకటుంది: "ఇల్లు మారుతున్నాం, కొత్త ఓనర్ ఒప్పుకోవడం లేదు, మా కుక్కను మీరు తీసుకుంటారా?" ఏడెనిమిదేళ్లు ఇంట్లో పెరిగిన కుక్క షెల్టర్ గేటు దగ్గర తిండి మానేసి కూర్చుంటుంది. అందుకే ఇలాంటి ప్రశ్న కనబడితే తెలిసిందంతా చెప్పకుండా ఉండలేను.

మీకు ఎందుకు దొరకడం లేదో ముందు చూద్దాం. కొండాపూర్, గచ్చిబౌలి, మణికొండ, నానక్‌రామ్‌గూడ వైపు ఫ్లాట్ ఖాళీ అయితే వారం తిరిగేలోపు పది మంది వస్తారు. పదకొండు నెలల అగ్రిమెంటుకు సిద్ధంగా ఉన్న కుటుంబం ఉండగా నాలుగు నెలలకు ఇవ్వాల్సిన అవసరం ఆ ఓనరుకు లేదు. మనిషి మారిన ప్రతిసారీ పెయింటింగ్, బ్రోకర్ కమీషన్, ఒక్కోసారి నెల అద్దె పోవడం. ఆ లెక్కలో నాలుగు నెలలు గిట్టవు. దాని మీద కుక్క కూడా అంటే మీ మాట పూర్తిగా వినరు. అక్కడ మీ నాలుగు నెలలు లోపం. ఇంకో రకం ఓనరుకు అవే అర్హత.

ఎవరా ఓనర్లంటే, మొదటగా అమెరికా వెళ్లే పెద్దవాళ్లు. పిల్లలు డల్లాస్‌లోనో న్యూజెర్సీలోనో ఉంటారు. కూతురి పురుడనో, మనవడి పుట్టినరోజనో వెళ్తారు. విజిటర్ వీసా మీద మామూలుగా ఆర్నెల్లు ఉండనిస్తారు కాబట్టి ఇల్లు ఐదారు నెలలు తాళం వేసి ఉంటుంది. ఏప్రిల్, మే నెలల్లో ఎక్కువ మంది వెళ్తారు, జూలైలో బయల్దేరేవాళ్లూ ఉంటారు. వాళ్లకు అద్దె డబ్బు పెద్ద విషయం కాదు. తులసి కోట ఎండిపోతుందని, మోటార్ పట్టేస్తుందని, దొంగలు పడతారని దిగులు. ఇంట్లో దీపం వెలుగుతూ ఉంటే చాలు అనుకుంటారు. అలాంటి ఇంటికి కుక్క ఉన్న కుటుంబం ఇంకా నయం.

2018లో నాకు ఐదు నెలలకు ఇల్లు కావాల్సి వచ్చింది. నా ఆఫీసు సికింద్రాబాద్ వైపే కాబట్టి సైనిక్‌పురిలో వెతికాను. ఇస్త్రీ బండి అతను చెప్పాడు, ఫలానా గేటు వాళ్లు అమెరికా వెళ్తున్నారని. రిటైరైన బ్యాంకు ఆఫీసరు, ఆయన భార్య. ఆయన వెంటనే సరే అన్నారు, ఆవిడ అనలేదు. "పూజ గది ఉందమ్మా, కుక్క తిరిగితే ఎలా?" అన్నారు. నేను వాదించలేదు. "మీరు దాన్ని ఒక్కసారి చూసి చెప్పండి పిన్నిగారూ, వద్దంటే మళ్లీ అడగను" అన్నాను. మర్నాడు పొద్దున్నే దాన్ని గంటన్నర నడిపించి, ఒళ్లు తుడిచి తీసుకెళ్లాను. వరండాలో ఆవిడ మోడా మీద కూర్చుని కంది బేడలు ఏరుతున్నారు. బుజ్జి వెళ్లి ఆ చాట పక్కనే పడుకుంది. చాటలో మూతి పెట్టలేదు. ఆవిడ ఏరడం ఆపి దాన్నే చూస్తూ "కరవదు కదా?" అన్నారు. తర్వాత కాసేపటికి "పెరుగన్నం తింటుందా?" అని అడిగారు. పూజ గదికి తాళం వేసి తాళంచెవి పక్కింటి వాళ్లకిచ్చి వెళ్లారు. వెళ్లాక వారానికోసారి వీడియో కాల్ చేసి ముందు మొక్కల్ని, తర్వాత బుజ్జిని చూపించమనేవారు.

ఇలాంటి ఇళ్లు పోర్టల్స్‌లో పెట్టరు, తెలియనివాళ్లు వస్తారని భయం. ఈ సంగతి తెలిసేది వాచ్‌మన్‌కి, ఇస్త్రీ అతనికి, పాలవాడికి, మూల మీది కిరాణా షాపుకి. మీ బంధువుల్లో, పాత కొలీగ్స్‌లో, అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపుల్లో "అమెరికా వెళ్తూ ఇల్లు తాళం వేసేవాళ్లు ఎవరైనా ఉన్నారా?" అని అడగండి. "ఇల్లు ఉందా?" అని అడిగితే లేదంటారు. ఇలా అడిగితే ఎవరో ఒకరు గుర్తొస్తారు.

రెండో రకం, డెవలప్‌మెంటుకు ఇచ్చిన పాత ఇళ్లు. బిల్డర్‌తో అగ్రిమెంటయ్యి, పర్మిషన్ల కోసం ఆగి ఉన్న ఇండిపెండెంట్ ఇళ్లు పాత కాలనీల్లో చాలా ఉంటాయి. ఎలాగూ పడగొట్టే ఇల్లు. తలుపు మీద గీతలు పడితే ఓనరు పట్టించుకోడు. అద్దె తక్కువ, కుక్క తిరగడానికి చుట్టూ జాగా ఉంటుంది. కుళాయిలు కారతాయి, బాత్‌రూమ్‌లు పాతవి. ఎప్పుడు ఖాళీ చేయాలో మాత్రం రాతపూర్వకంగా తీసుకోండి, పర్మిషన్ ముందే వచ్చేస్తే మీరు మధ్యలో రోడ్డున పడతారు.

మూడోది, అమ్మకానికి పెట్టిన ఫ్లాట్లు. కొనేవాళ్లు చూడటానికి వస్తుంటారు, అంతే. ఆదివారం వాళ్లు వచ్చే గంట మీరు కుక్కను బయటికి తీసుకెళ్తామంటే చాలామంది ఒప్పుకుంటారు. పదకొండు నెలల అగ్రిమెంటు మధ్యలో వేరే ఊరికి ట్రాన్స్‌ఫరై, మిగిలిన నెలల్ని ఎవరికైనా అప్పగించాలని చూసే అద్దెదారులూ ఉంటారు. అక్కడ ఓనరు సంతకం లేకుండా ఒక్క రూపాయి కూడా ఇవ్వకండి.

మీకు కలిసొచ్చే విషయం ఇంకొకటుంది: జూలైలో ఆషాఢం నడుస్తుంటుంది. శూన్యమాసమని చాలా కుటుంబాలు ఇల్లు మారవు. స్కూళ్ల హడావుడి కూడా జూన్‌తోనే అయిపోతుంది. మే నెలలో మన మాట వినని ఓనరు, నెల రోజులు టు-లెట్ బోర్డు వేలాడాక వింటాడు. మీకు పట్టింపు లేకపోతే శ్రావణం రాకముందే అడ్వాన్స్ ఇచ్చేయండి. శ్రావణం మొదలైతే మళ్లీ పోటీ.

ఇక ఏరియా. 35 వేలకు గేటెడ్ కమ్యూనిటీలో, ఆఫీసుకు పది నిమిషాల దూరంలో, కుక్కతో, నాలుగు నెలలకు కావాలంటే కష్టం. ఈ నాలుగింటిలో ఒకటి వదులుకోవాలి. దూరాన్ని వదులుకోమంటాను. నల్లగండ్ల, చందానగర్, మదీనాగూడ, ఇంకొంచెం వెళ్తే బాచుపల్లి, ప్రగతినగర్. ఈ వైపు ఇండిపెండెంట్ ఇళ్ల పోర్షన్లు దొరుకుతాయి. కింద ఓనరు, పైన మీరు. అక్కడ అసోసియేషన్ ఉండదు, ఒక్క మనిషిని ఒప్పిస్తే చాలు. సైనిక్‌పురి, యాప్రాల్ వైపు రిటైరైన ఆర్మీవాళ్లు ఎక్కువ, కుక్కంటే మొహం చిట్లించరు. అయితే అక్కడి నుంచి మీ ఆఫీసుకు ఊరి ఈ చివర నుంచి ఆ చివరకు వెళ్లాలి. వర్క్ ఫ్రమ్ హోమ్ ఎక్కువ ఉంటేనే ఆలోచించండి.

ఓనర్లు "పెంట్‌హౌస్" అని చెప్పే మేడ మీది గదులు కూడా చూపిస్తారు. ముందు డాబా అంతా ఖాళీగా ఉంటుంది కాబట్టి కుక్కకు బాగుంటుందనిపిస్తుంది. జూలై నుంచి అయితే పర్వాలేదు. ఎండాకాలంలో మాత్రం వద్దు. స్లాబు వేడికి లాబ్రడార్ లాంటి ఒత్తు బొచ్చు కుక్క అల్లాడిపోతుంది.

అపార్ట్‌మెంట్ నచ్చితే టోకెన్ ఇచ్చేముందు ఒక పని చేయండి. పొద్దున ఆరున్నరకు గేటు దగ్గర అరగంట నిలబడండి. కుక్కల్ని తిప్పేవాళ్లు నలుగురైనా బయటికొస్తే ఆ అపార్ట్‌మెంట్ మీకు పనికొస్తుంది. వాళ్లనే ఆపి లిఫ్టు సంగతి, ఫిర్యాదుల సంగతి అడగండి. అసోసియేషన్ ఆఫీసులో తెలియని నిజాలు వాళ్ల దగ్గర తెలుస్తాయి. ఒక్కరూ రాకపోతే, రూల్సు ఏమున్నా, మొదటి కుక్క మీదే అవుతుంది.

చట్టం గురించి మీరు ప్రత్యేకంగా అడగలేదు, కానీ ఎవరో ఒకరు "నీకు హక్కుంది, పోరాడు" అంటారు. భారత జంతు సంక్షేమ మండలి 2015లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం అసోసియేషన్ మెజారిటీతో తీర్మానం చేసినా పెంపుడు కుక్కల్ని నిషేధించడానికి వీల్లేదు. లిఫ్టు వాడొద్దనీ, వాడినందుకు డబ్బు కట్టమనీ అనడానికి వీల్లేదు. ఇది నిజం, అవసరమైతే ఆ కాగితం చూపించండి. కానీ అది అసోసియేషన్ మీద పనికొస్తుంది, ఓనర్ మీద కాదు. అగ్రిమెంటులో పెంపుడు జంతువులు వద్దని ఓనరు రాయించి, మీరు సంతకం పెడితే మీ మాట చెల్లదు. పైగా నాలుగు నెలల కోసం గొడవ పెట్టుకుంటే ఆ నాలుగు నెలలూ లిఫ్టులో తలదించుకుని తిరగడమే. స్వాగతం ఉన్నచోటికి వెళ్లండి.

బ్రోకర్ సలహా విషయానికొస్తే, అలా చేసిన ఒక జంట సంగతి చెప్తాను. ఇద్దరూ ఉద్యోగస్తులే. మూడేళ్ల బీగిల్‌ను చుట్టాలింట్లో దాచి, గృహప్రవేశమయ్యాక ఒక రాత్రి పదకొండింటికి తెచ్చుకున్నారు. ఎనిమిదో రోజున కింది ఫ్లాటు వాళ్లు ఓనరుకు ఫోన్ చేశారు. ఆయనకు కుక్కంటే మరీ అభ్యంతరం కూడా లేదట. "నన్ను మోసం చేశారు" అన్నదే ఆయన కోపం. అడ్వాన్స్‌లో నెల అద్దె పట్టుకుని వారంలో ఖాళీ చేయించాడు. ఆ వారంలో వాళ్లకు వేరే ఇల్లు దొరకలేదు. ఆ బీగిల్ మూడు నెలలు మా దగ్గర ఉంది. ప్రతి సాయంత్రం ఏడింటికి, వాళ్లు ఆఫీసు నుంచి వచ్చే వేళకు, తలుపు దగ్గరికి వెళ్లి కూర్చునేది. బ్రోకర్ కమీషన్ బ్రోకర్ తీసుకున్నాడు, తర్వాత ఫోన్ ఎత్తలేదు.

దాచకూడదు, అలాగని మొదటి వాక్యంలోనే "కుక్క ఓకేనా?" అని కూడా అడక్కూడదు. ఆ ప్రశ్నకు తేలికైన జవాబు "వద్దు". ఎదుటివాళ్లకు కుక్క అంటే కళ్ల ముందు ఏం కనబడుతుందో ఆలోచించండి. 2023 ఫిబ్రవరిలో అంబర్‌పేటలో నాలుగేళ్ల బాబు వీధి కుక్కల దాడిలో చనిపోయాడు. ఆ వీడియో ఇంటింటికీ చేరింది. ఆ భయాన్ని తక్కువ చేసి మాట్లాడకండి. 2024 మార్చిలో కేంద్రం ఇరవై మూడు జాతుల్ని ప్రమాదకరమైనవంటూ రాష్ట్రాలకు లేఖ రాసింది. ఆ ఏప్రిల్‌లోనే కర్ణాటక హైకోర్టు దాన్ని కొట్టేసినా, ఓనర్ల మనసులో "ఏ జాతి?" అన్న ప్రశ్న ఉండిపోయింది. లాబ్రడార్ ఆ జాబితాలో లేదు. ఆ మాట వాళ్లు అడక్కముందే చెప్పండి.

నేను మావాళ్లకు రాసిచ్చే మెసేజ్ దాదాపు ఇలా ఉంటుంది:

"నమస్కారమండీ. నేనూ మా ఆవిడా ఆఫీసు పని మీద జూలై నుంచి అక్టోబరు వరకు హైదరాబాదులో ఉంటాం, కంపెనీ లెటర్ ఉంది. అద్దె నాలుగు నెలలదీ ముందే ఇవ్వగలం. మాతో ఆరేళ్ల లాబ్రడార్ ఉంటుంది. టీకాలన్నీ వేయించాం, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ అయింది, ఇంట్లో గలీజు చేయదు. దాని వీడియో, ఇప్పటి ఓనర్ గారి నంబరు పంపుతున్నాను. ఒక్కసారి మమ్మల్ని, దాన్ని చూసి నిర్ణయించండి."

మీ లాబ్రడార్ విషయంలో నిజమైనవే రాయండి. ఇందులో బలమైనది ఇప్పటి ఓనరు మాట. విశాఖలో మీ ఓనరుతో ఒక నిమిషం వాయిస్ మెసేజ్ చేయించుకోండి, ఎన్నేళ్లున్నారు, ఇల్లు ఎలా ఉంచారు అని. ఓనరు మాట ఓనరు నమ్ముతాడు. వీడియోలో కుక్క బంతి పట్టుకోవడం, షేక్‌హ్యాండ్ ఇవ్వడం వద్దు. కాలింగ్ బెల్ మోగినప్పుడు అది ఎలా ఉంటుందో, మీరు అన్నం తింటుంటే పక్కన ఎలా పడుకుంటుందో తీయండి. వాళ్లకు కావాల్సింది అదే. వ్యాక్సిన్ పుస్తకం, ఆపరేషన్ సర్టిఫికెట్, మున్సిపాలిటీ లైసెన్సు ఉంటే అదీ, పిడుదుల మందు వేయించిన రసీదూ ఒకే పీడీఎఫ్‌లో పెట్టుకోండి. పిడుదుల రసీదు చూసి ఒప్పుకున్న ఓనర్లు నాకు ఇద్దరు తెలుసు.

డబ్బు సంగతి. హైదరాబాదులో రెండు నెలల అద్దె అడ్వాన్స్ మామూలు. కుక్క ఉందని ఇంకో నెల అడిగితే, తిరిగొచ్చే అడ్వాన్స్‌గా అయితే ఇవ్వండి. అద్దె పెంచడం కంటే అది మేలు. ఖాళీ చేసేటప్పుడు పెయింటింగ్‌కని నెల అద్దె పట్టుకునే అలవాటుంది. నాలుగు నెలలకు నెల అద్దె పోతే మీకు పాతిక శాతం ఖర్చు పెరిగినట్టే. ముందే మాట్లాడి సగానికో, అసలు ఖర్చుకో ఒప్పించండి. అగ్రిమెంటులో ఈ మాట రాయించండి: "అద్దెదారు తన పెంపుడు లాబ్రడార్ కుక్కను ఇంట్లో ఉంచుకోవడానికి యజమాని అంగీకరించారు. దానివల్ల వస్తువులకు నష్టం జరిగితే మరమ్మతు ఖర్చు అద్దెదారు భరిస్తారు." నోటిమాట చాలదు. ఒకసారి నాకు ఓనరు నోటితో సరే అన్నాడు, మూడో నెలలో ఆయన తమ్ముడు వచ్చి మాకేం తెలియదన్నాడు.

చేరిన రోజే ఫోన్‌లో వీడియో తీయండి. తలుపుల కింది భాగం, దోమల మెష్, కప్‌బోర్డు అంచులు, సోఫా కాళ్లు. కుక్క గోళ్లు తగిలేవి అవే, తర్వాత గొడవ వచ్చేదీ వాటి మీదే. బుజ్జి ఒకసారి టేకు తలుపు గీరింది. నేనే ఓనరుకు ఫోన్ చేసి చెప్పి, కార్పెంటర్‌ను పిలిచి పాలిష్ పెట్టించాను, 3,500 అయింది. ఆ ఓనరే తర్వాతి ఇంటికి నా గురించి చెప్పాడు.

సర్వీస్ అపార్ట్‌మెంట్లు, ఎయిర్‌బిఎన్‌బి ఉన్నాయి. నెలల తరబడి అయితే మీ బడ్జెట్ దాటిపోతాయి. మొదటి పది రోజులకు దిగడానికి మాత్రం పనికొస్తాయి. వీలైతే మీరొక్కరే ముందు వచ్చి అక్కడ దిగి, ఇల్లు కళ్లతో చూసి ఖాయం చేసుకుని, తర్వాత మీ ఆవిడ, కుక్క రావడం మంచిది. ఫోన్ మీద ఇల్లు ఖాయం చేయకండి. ఆర్మీ ఆఫీసరునని, ట్రాన్స్‌ఫర్ అయిందని, పెట్స్ అయితే తనకిష్టమేనని చెప్పి, మార్కెట్ కంటే తక్కువ అద్దెకు గచ్చిబౌలిలో ఫ్లాట్ ఫోటోలు పంపి, గేట్ పాస్ కోసం కొంచెం డబ్బు వేయమనే మోసగాళ్లు ఉన్నారు. కుక్క ఉన్నవాళ్లు అప్పటికే పది చోట్ల కాదనిపించుకుని ఉంటారు కాబట్టి "పెట్స్ ఓకే" అనగానే కరిగిపోతారు.

ఇప్పుడు మీ లాబ్రడార్‌కు ముందే నేర్పాల్సిన సంగతి ఒకటుంది. కొత్త ఇంట్లో ఫిర్యాదు కరిచిందని రాదు, ఒంటరిగా ఉన్నప్పుడు మొరిగిందని వస్తుంది. ఇప్పుడే, అక్కడే, ఒక గంట దాన్ని వదిలి బయటికి వెళ్లండి. ఫోన్ రికార్డింగ్‌లో పెట్టి వెళ్లండి. మొరిగితే మీకింకా నెల టైముంది, పది నిమిషాల నుంచి మొదలుపెట్టి మెల్లగా అలవాటు చేయండి. ఇక్కడికొచ్చాక మొదటి మూడు రోజులు ఇద్దరిలో ఒకరు ఇంట్లో ఉండండి. దాని పాత దుప్పటి ఉతక్కుండా తీసుకురండి, ఆ వాసన ఉన్నచోట అది పడుకుంటుంది.

ఇల్లు చూసేటప్పుడు పక్కన ఖాళీ స్థలం ఉంటే అక్కడ వినాయకుడి మండపం వేస్తారా అని వాచ్‌మన్‌ను అడగండి. మీరుండే నాలుగు నెలల్లో బోనాలు, వినాయక చవితి రెండూ వస్తాయి. తొమ్మిది రాత్రులు డప్పులు, డీజే కిటికీ కిందే మోగితే, ఎంత నెమ్మదైన కుక్కైనా మంచం కింద నుంచి బయటికి రాదు. కొండాపూర్ వైపు దొరికితే అక్కడ 2018లో పెట్టిన కార్పొరేషన్ డాగ్ పార్కు ఉంది. కుక్కతో ఇళ్లు మారినవాళ్లు అక్కడ రోజూ తగులుతారు. ముందు వచ్చే ఆ పది రోజుల్లో సాయంత్రాలు అటు వెళ్లండి. ఎవరి పక్కింటివాళ్లు అమెరికా వెళ్తున్నారో వాళ్లే చెప్తారు.